‘ఇవ్వవచ్చు’ అన్న ఒక్క మాట

2021 మే రెండో వారంలో మా బావమరిది గుంటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఒక సాయంత్రం డ్యూటీ డాక్టరు నన్ను వార్డు బయటికి పిలిచి, చేతిలో ఒక చీటీ పెట్టి, ‘‘బి పాజిటివ్ ప్లాస్మా రెండు యూనిట్లు కావాలండి, వీలైతే ఈ రాత్రికే చూడండి’’ అన్నారు. అప్పుడు రాష్ట్రంలో మధ్యాహ్నం 12 గంటల నుంచి కర్ఫ్యూ నడుస్తోంది. కోవిడ్ వచ్చి తగ్గి, ఆ గ్రూపు రక్తం ఉండి, దానం చేయడానికి ఒప్పుకునే మనిషి కోసం మా కుటుంబంలో ఏడుగురం ఆ రాత్రంతా ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. తెల్లవారుజామున ఒంగోలు నుంచి ఒక కుర్రవాడు, మాకు ముక్కూ మొహం తెలియనివాడు, డాక్టరు చీటీ ఫొటోను పోలీసులకు చూపించుకుంటూ బైకు మీద వచ్చి ప్లాస్మా ఇచ్చి వెళ్ళాడు. టీ తాగి వెళ్ళమన్నా ఆగలేదు.

మా బావమరిది బతికాడు. ప్లాస్మాయే బతికించిందని మా ఇంట్లో చాలామంది ఇప్పటికీ నమ్ముతారు. అయితే ఆ తర్వాత కొద్ది రోజులకే, మే 17న, ప్లాస్మా చికిత్సను జాతీయ కోవిడ్ మార్గదర్శకాల నుంచి తొలగించారన్న వార్త వచ్చింది. ఆసుపత్రి వరండాలో ఆ వార్త చూసిన మా బావమరిది భార్య నా దగ్గరికి వచ్చి, ‘‘అన్నయ్య గారూ, అది పనిచేయనిదైతే మనం ఎందుకు ఇప్పించినట్టు? మరి ఇన్నాళ్ళూ ఆ కాగితంలో ఎందుకు ఉంచినట్టు?’’ అని అడిగింది. ప్రకాశం జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఇరవై ఆరేళ్ళు ఫార్మసిస్టుగా పనిచేసిన నేను, మందుల గురించి మా బంధువులంతా అడిగే నేను, ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు కోసం వెతుకుతూ చదివినవీ, ఉద్యోగంలో కళ్ళారా చూసినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ప్లాస్మా సంగతి. కోవిడ్ నుంచి కోలుకున్నవారి రక్తంలో యాంటీబాడీలు ఉంటాయి కనుక, ఆ రక్తంలోని ప్లాస్మాను రోగికి ఎక్కిస్తే వైరస్ మీద పనిచేస్తుందన్న ఆలోచన వినడానికి సబబుగానే ఉంటుంది. సబబుగా ఉన్న ఆలోచన నిజమో కాదో తేల్చడానికి భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 2020 ఏప్రిల్ 22 నుంచి జూలై 14 వరకు దేశంలోని 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులను చేర్చుకుని ప్లాసిడ్ అనే పేరుతో ట్రయల్ నిర్వహించింది. ఎవరికి ప్లాస్మా ఇవ్వాలో, ఎవరికి మామూలు చికిత్స మాత్రమే చేయాలో చీటీలు తీసినట్టుగా నిర్ణయించారు. ప్లాస్మా తీసుకున్న 235 మందిలో 44 మందికి జబ్బు ముదరడమో, మరణం సంభవించడమో జరిగింది. తీసుకోని 229 మందిలో 41 మందికి అదే జరిగింది. అంటే 19 శాతం, 18 శాతం. 2020 అక్టోబరులో ఈ ఫలితం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఆ మహమ్మారి కాలంలో, అంత ఒత్తిడిలో, మన ప్రభుత్వ సంస్థ అంత త్వరగా అంత శ్రద్ధగా ఒక ప్రశ్నను తేల్చిందంటే అది మనం గర్వపడవలసిన పని.

ఆ ట్రయల్‌లో వాడిన ప్లాస్మాలో యాంటీబాడీలు తక్కువగా ఉన్నాయని, ఎక్కువ ఉన్న ప్లాస్మాను జబ్బు మొదట్లోనే ఇస్తే ఫలితం వేరుగా ఉండవచ్చని కొందరు వాదించారు. ఆ వాదనను తోసిపుచ్చనక్కరలేదు. కానీ యాంటీబాడీలు ఎక్కువగా ఉన్న ప్లాస్మాను బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ 11,558 మంది రోగుల మీద పరీక్షించింది. ప్రయోజనం కనిపించక 2021 జనవరిలోనే అక్కడ ప్లాస్మా విభాగంలో కొత్త రోగులను చేర్చుకోవడం ఆపేశారు. రెండు వర్గాల్లోనూ 28 రోజుల్లో మరణించినవారు 24 శాతమే. ఇంత తెలిశాక కూడా, 2021 ఏప్రిల్ 22న మన దేశంలో విడుదలైన చికిత్స మార్గదర్శకంలో ప్లాస్మా అలాగే ఉంది.

ఆ మార్గదర్శకం ఒక్క పుట. జబ్బు స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా అన్నదాన్ని బట్టి గళ్ళు గీసి, ఏ గడిలో ఏం చేయాలో రాశారు. ప్లాస్మా గురించి ‘ఇవ్వవచ్చు’ అన్న అర్థంలోనే ఉంది. పరిమితమైన ఆధారాల మీద, ప్రత్యేక పరిస్థితుల్లో మాత్రమే అన్న హెచ్చరికా ఉంది. రాసినవారు జాగ్రత్తగానే రాశామనుకుని ఉంటారు. కానీ ఆక్సిజన్ అందక పక్క మంచం మీద మనిషి పోతుంటే, ఆ గడిలోని ‘ఇవ్వవచ్చు’ అన్న మాట డాక్టరుకు ‘ఇవ్వకపోతే రేపు నన్ను అడుగుతారు’ అని, రోగి భార్యకు ‘ఇస్తే బతుకుతాడు’ అని, దూరపు ఊరి నుంచి బైకు మీద బయల్దేరిన కుర్రవాడికి ‘నేను వెళ్ళకపోతే ఒక ప్రాణం పోతుంది’ అని వినిపిస్తుంది. మార్గదర్శకంలోని ఒక క్రియాపదం ఎంతమంది చేత ఎంత పని చేయిస్తుందో ఆ రాత్రి నేను చూశాను. ఆ పదం అక్కడ ఎందుకు ఉందో, దాని మీద ఎవరు ఏం వాదించారో, ప్లాసిడ్ ఫలితాన్ని ఎలా తూచారో మాత్రం ఆ పుటలో లేదు.

అందుకే మార్గదర్శకాలు ఎవరు రాయాలన్నది నాకు సంస్థల మధ్య పంచాయితీగా తోచదు. ఆ వాక్యాన్ని రాసే చేతికి ఏ అర్హత ఉండాలి, ఏ బంధాలు ఉండకూడదు, ఎవరికి జవాబు చెప్పుకోవాలి అన్నది ప్రశ్న.

ఎవరిని అడిగినా మొదట వచ్చే జవాబు ఒకటే. గుండె జబ్బుల మార్గదర్శకాలు గుండె నిపుణులు, మూత్రపిండాలవి ఆ నిపుణులు రాయాలి, ఇందులో ఆలోచించడానికి ఏముంది అంటారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఆ అభిప్రాయం మారడానికి కారణం శస్త్రచికిత్సల ముందు ఇచ్చే బీటా బ్లాకర్ల కథ.

గుండెతో సంబంధం లేని పెద్ద ఆపరేషన్ చేయించుకునేవారికి, ఆ ఒత్తిడిలో గుండెపోటు రాకుండా, గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్రలు ముందుగా మొదలుపెట్టడం మంచిదని ఒక కాలంలో గట్టి నమ్మకం ఉండేది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరంలో జరిగిన డిక్రీజ్ అనే ట్రయల్స్ వరుస ఆ నమ్మకానికి పెద్ద ఊతం. 2008లో మన దేశంతో సహా 23 దేశాల్లో 8,351 మంది రోగులతో జరిగిన పాయిస్ అనే ట్రయల్ వేరే సంగతి చెప్పింది. మెటోప్రొలాల్ తీసుకున్నవారిలో గుండెపోట్లు నిజంగానే తగ్గాయి. కానీ మరణాలు 2.3 శాతం నుంచి 3.1 శాతానికి, పక్షవాతం 0.5 శాతం నుంచి 1.0 శాతానికి పెరిగాయి. మందు మోతాదు ఎక్కువగా ఇచ్చారని, ఆపరేషన్‌కు కొద్ది గంటల ముందే మొదలుపెట్టారని పాయిస్ మీద వచ్చిన విమర్శలోనూ అర్థం ఉంది. ఏమైనా, ఇది మళ్ళీ ఒకసారి ఆగి తూచవలసిన సమయం.

2009లో యూరప్ గుండె వైద్యుల సంఘం ఈ విషయం మీద మార్గదర్శకాలు విడుదల చేసి, కొన్ని వర్గాల రోగులకు ఆ మాత్రలను గట్టిగా సిఫారసు చేసింది. ఆ మార్గదర్శకాలు రాసిన బృందానికి అధ్యక్షత వహించినది, డిక్రీజ్ ట్రయల్స్ నడిపించిన పరిశోధకుడే. 2011 నవంబరులో ఆయన పనిచేసే ఎరాస్మస్ వైద్య కేంద్రం, పరిశోధనల్లో నియమాలను ఉల్లంఘించారన్న కారణంతో ఆయనను ఉద్యోగం నుంచి తొలగించింది. తర్వాత లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు ఆ ట్రయల్స్‌ను పక్కన పెట్టి, మిగిలిన నమ్మదగిన ట్రయల్స్‌ను మాత్రమే కలిపి లెక్క చూస్తే, ఆపరేషన్ ముందు ఆ మాత్రలు మొదలుపెట్టడం వల్ల మరణాలు 27 శాతం ఎక్కువవుతున్నాయని తేలింది. మార్గదర్శకాలను సవరించి ప్రకటించింది 2014లో. ఉద్యోగం పోవడానికీ సవరణ రావడానికీ మధ్య ఉన్న ఆ కాలం తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు స్థిమితంగా ఉండదు.

ఆ పరిశోధకుడు తప్పు చేశాడా లేదా అన్నదాన్ని కాసేపు పక్కన పెట్టండి. ఆయన నూటికి నూరు పాళ్ళు నిజాయితీపరుడే అనుకుందాం. అప్పుడైనా ఆయన ఆ కుర్చీలో కూర్చోవడం తగునా? మా ఊళ్ళో పొలం గట్టు తగాదా వస్తే, ఆ గట్టుకు ఇటు పక్క పొలం ఉన్నవాణ్ణి పెద్దమనిషిగా కూర్చోబెట్టరు. అతడు ఎంత ధర్మపరుడైనా కూర్చోబెట్టరు, అతడైనా కూర్చోడు. అతణ్ణి పిలుస్తారు, సరిహద్దు రాయి ఎక్కడుండేదో అడుగుతారు, చెప్పింది శ్రద్ధగా వింటారు, తీర్పు మాత్రం వేరేవాళ్ళు చెబుతారు. ఒక చికిత్సను కనిపెట్టినవారూ, దాని మీద పరిశోధన చేసి పేరు తెచ్చుకున్నవారూ, రోజూ ఆ చికిత్స చేసి జీవనం సాగించేవారూ మార్గదర్శకాల సంఘానికి తప్పనిసరిగా కావలసినవారే. కానీ సాక్షులుగా కావలసినవారు, తీర్పరులుగా కాదు. నా మాటంతా ఇదే.

నిపుణుల అనుభవాన్ని తక్కువ చేస్తున్నానని కొందరు మిత్రులకు కోపం వస్తుందని తెలుసు. అనుభవం చేసే మోసం నా ఉద్యోగంలో నాకే అనుభవం. మందుల కౌంటరు వెనక కూర్చున్నవాడికి, ఏ మందు వాడితే తగ్గిందో ఆ మందు గురించే కబురు వస్తుంది. తగ్గినవాడు మళ్ళీ వచ్చి ‘‘సార్, ఆ బిళ్ళలే ఇవ్వండి’’ అంటాడు. తగ్గనివాడు మార్కాపురమో, కర్నూలో వెళ్ళిపోతాడు, మనకు కనిపించడు. పోయినవాడు అసలే రాడు. ఇరవై ఆరేళ్ళలో నాకు కలిగిన గట్టి అభిప్రాయాల్లో ఎన్ని ఇలా తిరిగి వచ్చినవాళ్ళు మాత్రమే కలిగించినవో ఇప్పుడు చెప్పలేను. పెద్ద ఆసుపత్రిలోని పెద్ద వైద్యుడికి రోగులు ఎక్కువ కనిపిస్తారు తప్ప, ఈ ఇబ్బంది తప్పదు. మా బావమరిది బతకడం కూడా ఇలాంటి సాక్ష్యమే. ప్లాస్మా తీసుకోని 229 మందిలో కూడా నూటికి ఎనభై మందికి పైగా జబ్బు ముదరకుండానే బయటపడ్డారన్న లెక్క పక్కన లేకపోతే, అతడి ప్రాణం ఎవరు నిలబెట్టారో మేము ఖాయంగా తెలిసినట్టే మాట్లాడుతూ ఉండేవాళ్ళం.

దీనికి పాత రుజువు ఒకటి ఉంది. గుండెపోటు చికిత్సల మీద జరిగిన ట్రయల్స్ అన్నిటినీ ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం కలిపి లెక్కవేసి, అదే కాలంలో నిపుణులు పాఠ్య పుస్తకాల్లో, సమీక్షా వ్యాసాల్లో ఏం సిఫారసు చేస్తూ వచ్చారో పోల్చి చూసిన పరిశోధన 1992లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. గుండె నాళంలో గడ్డను కరిగించే మందులు ప్రాణాలు కాపాడతాయని లెక్కల్లో తేలిన తర్వాత పదేళ్ళకు పైగా చాలామంది నిపుణులు వాటిని సిఫారసు చేయలేదు. మరోవైపు, గుండె లయ తప్పకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే లిడొకేయిన్ వల్ల ప్రాణాలు నిలుస్తాయన్న ఆధారం లేకపోయినా దాన్ని సిఫారసు చేస్తూనే వచ్చారు. వాళ్ళెవరూ అసమర్థులు కారు, ఆ రంగంలో పెద్దలు. చికిత్స చేయడం ఒక విద్య, చెల్లాచెదురుగా ఉన్న ఆధారాలన్నిటినీ వెతికి పట్టుకుని, వాటి బలాన్ని తూచడం మరో విద్య. మొదటిది వచ్చినవారందరికీ రెండోది వచ్చి ఉండాలని లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థే ఈ పాఠం నేర్చుకోవలసి వచ్చింది. ఆ సంస్థ సిఫారసులు చేసేటప్పుడు ఆధారాల క్రమబద్ధ సమీక్షల మీద కన్నా నిపుణుల అభిప్రాయాల మీదే ఎక్కువగా ఆధారపడుతోందని 2007లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం బయటపెట్టింది. ఆ సంవత్సరమే సంస్థ మార్గదర్శకాల పరిశీలన సంఘాన్ని ఏర్పాటు చేసుకుంది. విమర్శ వచ్చినప్పుడు బింకానికి పోకుండా పద్ధతి మార్చుకున్న ఆ తీరు నాకు నచ్చింది.

ఇక డబ్బు సంగతి. దీని గురించి ఎక్కువ రాయనక్కరలేదు, అందరికీ తెలిసిందే. అయితే ఎంత ఎక్కువో తెలియదు. 2002లో అచ్చయిన ఒక సర్వేలో, మార్గదర్శకాలు రాసిన వైద్యుల్లో జవాబిచ్చిన 100 మందిలో 87 మందికి మందుల కంపెనీలతో ఏదో ఒక సంబంధం ఉంది. తాము రాసిన మార్గదర్శకంలో ఏ కంపెనీ మందుల ప్రస్తావన ఉందో, ఆ కంపెనీతోనే సంబంధం ఉన్నవారు 59 శాతం. మూత్రపిండాల జబ్బులో రక్తహీనతకు హిమోగ్లోబిన్ ఎంత దాకా పెంచాలి అన్న విషయంలో అమెరికాలోని జాతీయ కిడ్నీ ఫౌండేషన్ 2006లో ఇచ్చిన సిఫారసు దీనికి ఉదాహరణ. ఆ కార్యక్రమానికి ముఖ్య నిధిదాత ఆమ్‌జెన్, హిమోగ్లోబిన్ పెంచే ఇంజక్షన్లు తయారుచేసే కంపెనీ. అదే ఏడాది నవంబరులో వచ్చిన ఒక పెద్ద ట్రయల్‌లో, హిమోగ్లోబిన్‌ను 13.5 దాకా పెంచాలని చూసిన రోగుల్లో మరణాలూ గుండె సంబంధమైన ప్రమాదాలూ 11.3 లక్ష్యంగా పెట్టుకున్నవారిలో కన్నా ఎక్కువ కనిపించాయి. మరుసటి ఏడాది ఆ లక్ష్యాన్ని తగ్గించారు. ఉద్దానం ప్రాంతంలో వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు వెళ్ళే కుటుంబాలకు ఈ అంకె దూరపు సంగతి కాదు. లక్ష్యం ఒక్క అంకె పెరిగితే, ప్రతి నెలా ఎన్ని ఇంజక్షన్లు పడతాయో, దానికి ఎవరి జేబు ఖాళీ అవుతుందో, ఆ మనిషి ఒంటికి ఏమవుతుందో అన్నీ మారిపోతాయి.

సంబంధాన్ని ప్రకటిస్తే సరిపోతుందని చాలామంది అంటారు. నాకు అది చాలదనిపిస్తుంది. గట్టు పక్క పొలం నాదేనని చెప్పి మరీ పెద్దమనిషి కుర్చీలో కూర్చుంటే తీర్పు న్యాయమైపోదు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2011లో ఇచ్చిన నివేదిక ఈ విషయంలో గట్టిగానే మాట్లాడింది. సంఘం అధ్యక్షుడికి అలాంటి సంబంధం ఉండకూడదని, తప్పనిసరై కొందరిని తీసుకున్నా వారి సంఖ్య సగానికి తక్కువే ఉండాలని, నిధులిచ్చినవారికి రాతలో ఏ పాత్రా ఉండకూడదని అది చెప్పింది. రోగులను, ప్రజల ప్రతినిధులను సంఘంలోకి తీసుకోవాలని కూడా చెప్పింది.

బ్రిటన్‌లో 1999 నుంచి పనిచేస్తున్న, చికిత్స మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ ఈ చివరి మాటను ఆచరణలో పెట్టింది. అక్కడి సంఘాల్లో వైద్యులతో పాటు ఆ జబ్బుతో బతుకుతున్నవారో, వారిని చూసుకుంటున్నవారో సభ్యులుగా ఉంటారు. ఆధారాలను వెతికి తూచే పనిని అందులో శిక్షణ ఉన్నవారు చేస్తారు. ముసాయిదాను అందరి ముందూ పెట్టి, వచ్చిన అభ్యంతరాలనూ, వాటికి తాము ఇచ్చిన జవాబులనూ ప్రచురిస్తారు. నైస్ తప్పులు చేయదని కాదు, మందు ధరను లెక్కలోకి తీసుకుంటుందని దాని మీద కోపం ఉన్నవారు అక్కడే చాలామంది ఉన్నారు. కానీ తప్పు జరిగితే అది ఏ మెట్టు దగ్గర జరిగిందో వెనక్కి వెళ్ళి చూసుకోవడానికి ఆ కాగితాలన్నీ ఉంటాయి. ‘ఎందుకు ఉంచినట్టు?’ అన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరుకుతుంది.

రోగికి వైద్యం ఏం తెలుసు, అతణ్ణి సంఘంలో కూర్చోబెట్టి ఏం ప్రయోజనం అని ఒక సీనియర్ వైద్యుడు ఒకసారి నాతో వాదించారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది, ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన మనిషి. నేను ఆయనకు పాయిస్ లెక్కే చెప్పాను. గుండెపోటు ముప్పు తగ్గుతుంది, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఈ రెంటిలో ఏది ఎంత బరువన్నది వైద్యశాస్త్రం చెప్పగలిగే విషయం కాదు. ఒక చేయి, ఒక కాలు పడిపోయి, మాట రాక, కోడలి చేత అన్నం తినిపించుకుంటూ బతకడమంటే ఏమిటో, అలా బతికేవారూ వారికి తినిపించేవారూ చెప్పాలి. వారు అక్కడ లేకపోతే ఆ బరువును మనమే వేసేసి, దానికి శాస్త్రం అని పేరు పెడతాం.

అలాగే కింది స్థాయిలో పనిచేసేవారు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు పాము కాటు పరీక్ష గుర్తుకొస్తుంది. రక్తపింజర కరిచినప్పుడు విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీసిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి, ఆ తర్వాత ఒంచి చూస్తే చాలు. గడ్డకట్టకుండా జారిందంటే విరుగుడు మందు అవసరమని అర్థం. మిరప చేల మధ్య ఉన్న మా ఆరోగ్య కేంద్రంలో ఇది ఎంత ఉపయోగపడిందో మాటల్లో చెప్పలేను. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ పాము కాటు మార్గదర్శకంలో ఈ పరీక్షతో పాటు ఒక హెచ్చరిక ఉంది. గొట్టం గాజుది కాకపోయినా, అంతకు ముందు వాడి డిటర్జెంటుతో కడిగినదైనా పరీక్ష చెల్లదు, ఎందుకంటే ఆ గోడకు తగిలినా రక్తం గడ్డకట్టకపోవచ్చు.

మా కేంద్రంలో ఒక వర్షాకాలం రాత్రి సరిగ్గా అదే జరిగింది. కరిచిన మనిషికి వాపు లేదు, రక్తస్రావం లేదు, కానీ గొట్టంలో రక్తం గడ్డకట్టలేదు. స్టాఫ్ నర్సు ఆ గొట్టాన్ని వెలుతురులో పెట్టి చూసి, ‘‘ఇది దేంతో కడిగారు?’’ అని అడిగింది. సర్ఫుతో కడిగారు. కొత్త గొట్టం తీసి మళ్ళీ చేస్తే రక్తం చక్కగా గడ్డకట్టింది. ఆ మనిషికి అనవసరంగా విరుగుడు మందు ఎక్కించి, దాని వల్ల వచ్చే ప్రతిచర్యలకు గురిచేయడం తప్పింది. ఆ హెచ్చరికను మార్గదర్శకంలో చేర్చినవారికి, గొట్టాలు కడిగి మళ్ళీ వాడుకునే చోట్ల వైద్యం ఎలా జరుగుతుందో తెలుసు. అది తెలియనివారు మాత్రమే రాసి ఉంటే, ‘రక్తాన్ని గాజు గొట్టంలో పోసి చూడండి’ అని ఆపేసేవారు, చదవడానికి ఆ వాక్యంలో తప్పేమీ కనిపించదు.

మన దేశంలో ఈ పనికి పునాదులు లేకపోలేదు. అన్ని స్థాయుల వైద్యులకూ అందుబాటులో ఉండేలా ఐసీఎంఆర్ 2019 నుంచి ప్రామాణిక చికిత్సా క్రమాలను విడుదల చేస్తూ వస్తోంది. కేంద్ర ఆరోగ్య శాఖవీ, ఒక్కొక్క స్పెషాలిటీ వైద్యుల సంఘానివీ వేరుగా ఉన్నాయి. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, ఇవి ఒకదానితో ఒకటి పొసగనప్పుడు. 2021 మే చివర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన కోవిడ్ మార్గదర్శకాల్లో ఐవర్‌మెక్టిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందులు లేవు. ఐసీఎంఆర్, ఎయిమ్స్ పేర్లతో ఉన్న మార్గదర్శకంలో అవి సెప్టెంబరు 23 దాకా ఉన్నాయి. అప్పటికి నేను ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను. దాదాపు నాలుగు నెలలు ఆ రెండు కాగితాలూ నా బల్ల సొరుగులో పక్కపక్కనే ఉన్నాయి. ఏ కాగితం ప్రకారం మందులకు ఇండెంటు పెట్టాలని మెడికల్ ఆఫీసరు గారు నన్ను, నేను ఆయనను అడిగిన రోజులు ఉన్నాయి. రెండింటినీ రాసినవారు దేశంలో పెద్ద వైద్యులే. ఒకరు ఎందుకు తీసేశారో, మరొకరు ఎందుకు ఉంచారో రెండు వాక్యాలు రాసి ఉంటే, మండల స్థాయిలో కూర్చున్న మాకు తలా తోకా తెలిసేది.

మహమ్మారి కాలంలో అంత తీరిక ఎక్కడిదని అడగవచ్చు. తీరిక లేనప్పుడు పుట చిన్నదిగా ఉండవచ్చు, కానీ ప్రతి సిఫారసు పక్కన దాని ఆధారం బలమైనదా, బలహీనమైనదా, ఏ ట్రయల్ ఏం చెప్పింది, సంఘంలో ఎవరైనా ఒప్పుకోలేదా అన్నది వెనక వైపు రాయడానికి ఎంతో సమయం పట్టదు. ప్లాసిడ్ ట్రయల్‌లో మూడు నెలల లోపే 464 మందిని చేర్చుకున్న దేశానికి ఇది చేతకాని పని కాదు.

నాకు చేతనైతే ఆ సంఘాన్ని ఇలా కూర్చుతాను. అధ్యక్షత ఆ జబ్బుతో గానీ, ఆ మందుతో గానీ పేరూ డబ్బూ ముడిపడని వైద్యుడిది. ఆధారాలు తూచే లెక్కలు తెలిసినవారు ఇద్దరు ముగ్గురు. మండల కేంద్రంలో ఓపీ చూసే మెడికల్ ఆఫీసరు ఒకరు, స్టాఫ్ నర్సు ఒకరు, మందుల నిల్వ సంగతి తెలిసిన ఫార్మసిస్టు ఒకరు. ఆ జబ్బుతో బతుకుతున్నవారు ఇద్దరు, ఎందుకంటే ఒక్కరే ఉంటే అంతమంది డాక్టర్ల మధ్య నోరు పెగలదు. స్పెషలిస్టులను పిలిచి రోజంతా వినాలి, రాతపూర్వకంగా కూడా తీసుకోవాలి, వారు లేవనెత్తిన ప్రతి అభ్యంతరానికీ జవాబు రాయాలి. ఓటు వేసే సమయానికి మాత్రం వారు గదిలో ఉండకూడదు. ఈ పనికయ్యే డబ్బు ప్రభుత్వ ఖజానా నుంచే రావాలి. అరుదైన జబ్బుల విషయంలో, దేశం మొత్తం మీద ఆ జబ్బు తెలిసినవారే పదిమంది ఉన్నప్పుడు, ఈ ఏర్పాటు కష్టమని ఒప్పుకుంటాను. అక్కడ నియమం సడలించినప్పుడు, సడలించామని ఆ పుట మీదే రాయాలి.

నిరుడు సంక్రాంతికి మా బావమరిది వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ప్లాసిడ్ ఫలితాల కాగితం వెంట తీసుకువెళ్ళాను. అతడి భార్య జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరు. పెరట్లో కూర్చుని ఆమెకు 235, 44, 229, 41 అన్న అంకెలు చూపించి, అవి ఏమిటో చెప్పాను. ఆమె కాగితం వెనక పెన్నుతో భాగహారం చేసుకుని, రెండు శాతాలనూ పక్కపక్కన రాసుకుని, కాసేపు మాట్లాడలేదు. ఒంగోలు కుర్రవాడు ప్రతి ఏడాదీ ఉగాదికి ఫోన్ చేస్తాడని, తమ్ముడూ అని పిలుస్తానని, ఈ సంగతి అతడికి చెప్పవద్దని అంది. తర్వాత కాగితాన్ని మళ్ళీ తిప్పి, పైన అచ్చయిన తేదీ మీద వేలు పెట్టి, ‘‘అన్నయ్య గారూ, ఈ లెక్క ముందు ఏడాది అక్టోబరులోనే ఉందా?’’ అని అడిగింది.

ఉందమ్మా అన్నాను.